255తో ముగిసే చిరునామా

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన ఉంటుంది. పొద్దున పూట పిల్లలు మెట్ల మీద నిలబడి టిఫిన్ తింటుంటారు. వాళ్ల బ్యాగులు దాటుకుంటూ పైకి వెళ్లాలి. మేం ఇళ్లకు నేరుగా ఇంటర్నెట్ ఇవ్వం. ఎల్‌బీ నగర్ నుంచి తుర్కయంజాల్ దాకా ఉన్న చిన్న చిన్న కేబుల్ ఆపరేటర్లకు ఇస్తాం. వాళ్లు స్తంభాల మీదుగా వైరు లాగి ఇళ్లకు, దుకాణాలకు, ఆస్పత్రులకు ఇచ్చుకుంటారు. ఎక్కడ ఏది ఆగినా ఆపరేటర్ మాకు ఫోన్ చేస్తాడు. పొద్దుటి షిఫ్టులో ఆ ఫోన్ ఎత్తేది నేను.

తుర్కయంజాల్ ఆపరేటర్ ఎప్పుడూ ఎకసెక్కంతోనే మొదలుపెడతాడు. నేను ఆదివారం ఆరాధన మాననని, వాక్యం చదవందే కంప్యూటర్ తెరవనని ఆయనకు తెలుసు. "అక్కా, మీ ప్రభువుకు జర చెప్పు, మా కాలనీకి స్పీడు పెంచమని" అంటాడు. "చెప్పిన అన్నా, ముందు నిన్ను పాత వైర్లు మార్చుకోమన్నడు" అంటాను. ఇద్దరం నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లమే. వాళ్లింట్లో బోనం ఎత్తుతారు, మా ఇంట్లో ప్రార్థన చేస్తారు. మాటలకు అది ఎప్పుడూ అడ్డం రాలేదు.

ఆ సోమవారం ఎకసెక్కం లేదు.

"అక్కా, ఎల్‌బీ నగర్ దవాఖాన లైన్ చూడు. మా అన్న పడిపోయిండు."

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ వాళ్లన్న గోడకు జారిపోయాడు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు, మాట రావడం లేదు. తాను లైన్ ఇచ్చిన ఆస్పత్రే కదా, అందరూ తెలిసినవాళ్లే కదా అని అక్కడికే తీసుకొచ్చాడు. తలకు స్కాన్ తీశారు. అది చిన్న ఆస్పత్రి. మిషన్ ఉంది గానీ మెదడు డాక్టర్ లేడు. ఆయన ఊరికి ఆ కొసన కూర్చుని, ఇక్కడి నుంచి వెళ్లే బొమ్మలు తన తెర మీద చూసి ఏం చేయాలో చెబుతాడు. నరంలో గడ్డ అడ్డం పడితే ఒక ఇంజెక్షన్ ఉంది, కొన్ని గంటల లోపల ఇస్తే మనిషి తేరుకుంటాడు. గడ్డ కాక రక్తం చిట్లి ఉంటే అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది. రెండింట్లో ఏదో బొమ్మలు చూస్తే గానీ తెలియదు. ఆ బొమ్మలు వెళ్లడం లేదు.

"ఫోన్ల ఫొటో తీసి పంపకపోయిన్రా అన్నా?"

"పంపినం. గా ఫొటోల మీద నేను సూది రాయను, అసలు బొమ్మలు రావాలె అంటుండు పెద్ద డాక్టరు. ఫోన్ నెట్ మీద పంపుదమంటే అవతల మిషన్ తీస్కుంటలేదు. గీ దవాఖాన అడ్రస్ నుంచి వస్తెనే తీస్కుంటదట. ఆంబులెన్స్ల పెద్ద దవాఖానకు పోదమంటే, ఏమున్నదో తెల్వకుండ ట్రాఫిక్ల తిప్పుడు మంచిది కాదంటున్నరు. లైన్ మాది, దారి మీది. ఏడ ఆగిందో జర చూడక్కా."

దారి చూపించే ప్రోగ్రాం ఒకటి ఉంది మాకు. గమ్యం చిరునామా ఇస్తే మా కేంద్రం నుంచి చిన్న సందేశాలు బయలుదేరి, దారిలో ఉన్న ఏ రౌటర్ పెట్టె నుంచి ఏ పెట్టెకు వెళ్లాయో, ఎక్కడ రాలిపోయాయో వరుసగా చెబుతాయి. ఇదివరకు ఎవరికి వారు పెట్టెల్లోకి నేరుగా వెళ్లి చూసుకునేవాళ్లు. ఒకరు తప్పు ఆదేశం కొట్టి కొత్తపేటలో సగానికి ఇంటర్నెట్ ఆపేశాక పాస్‌వర్డ్ తాళాలు అందరి దగ్గరా తీసేసుకున్నారు. ఇప్పుడు ఏది అడగాలన్నా ఆ ప్రోగ్రాం ద్వారానే అడగాలి.

ఆస్పత్రి చిరునామా రాసి బటన్ నొక్కాను. ఎర్ర గీత వచ్చింది. చెల్లని చిరునామా. సరిచూసి మళ్లీ ఇవ్వండి.

సరిచూశాను. మళ్లీ ఇచ్చాను. మళ్లీ అదే. సందేశం దారిలో ఆగిపోవడం కాదు, అసలు గడపే దాటలేదు.

కారణం వెంటనే అర్థమైంది. ఆ చిరునామాలో చివరి సంఖ్య 255. ఇంటర్నెట్ చిరునామాలో నాలుగు సంఖ్యలుంటాయి. చిన్న కాలనీలాంటి నెట్‌వర్క్‌లో 255తో ముగిసేది ఎవరి ఇల్లూ కాదు, కాలనీ మొత్తాన్ని ఒకేసారి పిలవడానికి వాడే నంబరు. అందుకే మా ప్రోగ్రాం దాన్ని గుమ్మంలోనే తిప్పి పంపుతుంది. కానీ రెండు కాలనీలు కలిపి ఒకే పెద్ద కాలనీ చేస్తే, మొదటి దాని చివర ఉన్న 255 మామూలు ఇల్లయిపోతుంది. తుర్కయంజాల్ ఆపరేటర్‌కు మేమిచ్చింది అలాంటి పెద్ద కాలనీ. అందులో 255 నిజమైన ఇల్లు. ఆ ఇంట్లో ఆస్పత్రి ఉంది.

"అన్నా, ఇన్ని నంబర్లుండంగ గీ నంబరెందుకు ఇచ్చినవ్ వాళ్లకు?"

"ఓనరు అడిగిండక్కా. అంకెలన్ని కూడితె మూడు రావాలన్నడు. ఆయనకు మూడు కలిసొస్తదట. బండికి ఫ్యాన్సీ నంబరు తీస్కుంటరు, ఫోన్‌కు తీస్కుంటరు, గిదొక్కటెందుకు ఇడుస్తరు? కూడి చూస్తె గిదొచ్చింది. ఇచ్చిన."

మా ఇంట్లో అదృష్ట సంఖ్యల మాట ఎత్తనివ్వరు. నంబరులో మేలు వెతుక్కోవడం దేవుణ్ణి నమ్మకపోవడమేనని చిన్నప్పటి నుంచి బోధ విని పెరిగాను, ఇప్పటికీ అదే నమ్ముతాను. నాలుక చివరి దాకా ఒక మాట వచ్చింది. ఆయన గొంతు విని మింగేశాను.

ఆ నిబంధన రాసింది మా టీమ్ లీడర్. గోదావరి జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మనిషి. ఆ టైములో ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఆఫీసుకు వస్తుంటారు. ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"255 ఏంటమ్మా, ఆ నంబరు ఎవరికీ ఇవ్వకూడదండీ."

"ఇచ్చిండ్రు సార్. వాడుతున్నరు. ఆ చెక్ ఒక్కసారి తీసేస్తరా?"

"తీసేస్తే మళ్లీ ఎవడో దూరతాడు. మర్చిపోయారా?"

మర్చిపోలేదు. బయటి వాళ్లెవరో ఒకప్పుడు ఈ ప్రోగ్రాంకు కాలనీలను పిలిచే నంబర్లు ఇచ్చారు. ఒక్క ప్రశ్నకు వందల జవాబులు ఒక కస్టమర్ మీద పడి వాళ్ల లైన్ కూలిపోయింది. మేనేజ్‌మెంట్ ఎదుట నిలబడి సంజాయిషీ ఇచ్చుకుంది ఈయనే. ఆ వారమే 255తో ముగిసేవన్నీ, కాలనీ మొత్తానికి పేరుగా వాడే సున్నాతో ముగిసేవన్నీ చెల్లవని రాసేశారు.

"పక్క నంబరు పెట్టి చూడండి. 254. అదే వైరు, అదే దారి. అక్కడి దాకా బాగుంటే ఇక మిగిలింది ఆపరేటర్ వైరే."

254 పెట్టాను. దారి మొత్తం పచ్చగా వచ్చింది, ఒక్క సందేశం కూడా రాలలేదు. ఆపరేటర్‌కు అదే చెప్పాను. మా దారి బాగుంది, నీ వైరే చూసుకో అన్నాను. ఆయన వాళ్లన్న మంచం పక్క నుంచి లేచి బయటికి వెళ్లాడు. ఆస్పత్రి ముందున్న స్తంభం ఎక్కి, డబ్బా తెరిచి, కనెక్టర్లు ఒక్కొక్కటిగా పీకి తుడవడం మొదలుపెట్టాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి జేబులో వేసుకున్నాడేమో, కింద బస్సుల హారన్లు, విజయవాడ, సూర్యాపేట అని కేకలు, మధ్యలో ఆయన ఊపిరి వినిపిస్తున్నాయి.

నేను కళ్లు మూయకుండా, తెర చూస్తూనే ప్రార్థన చేశాను. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. పేరు కూడా అడగలేదు. ఎల్‌బీ నగర్‌లో పడుకుని ఉన్నవాడు అని మాత్రమే ప్రభువుకు చెప్పగలిగాను.

అట్లా ఎదురుచూస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఊరుకాని ఊరి నుంచి వచ్చిన విశ్వాసి, ఆరాధనలో రొట్టె పంచే ప్రభువు బల్లలో పాలు పొందాలంటే వాళ్ల సంఘ పెద్దల ఉత్తరం తేవాలి. నాన్న తలుపు దగ్గర కూర్చుని అడిగేవాడు. ఒక వానాకాలం ఆదివారం ఒకామె ఉత్తరం లేకుండా వచ్చింది, కొంగంతా తడిసి. నాన్న ఆమెను వెనక బెంచీ మీద కూర్చోబెట్టాడు. రొట్టె ఆమెను దాటి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి అన్నం ముందు నాన్నతో మాట్లాడలేదు. నాన్న తిని, చొక్కా మార్చుకుని, ఆమె చెప్పిన ఊరికి బస్సెక్కాడు. అక్కడి పెద్దలను అడిగి పొద్దుగూకాక వచ్చాడు. మరుసటి ఆదివారం ఆమెను ముందు వరుసలోకి తనే తీసుకెళ్లాడు. ఇప్పటికీ ఆ పద్ధతి తప్పని నేను అనను. నాన్న తలుపు దగ్గర గట్టిగా ఉండేవాడు. ఉత్తరం లేదని ఆమె అబద్ధమని మాత్రం తేల్చేయలేదు, వెళ్లి అడిగి వచ్చాడు.

ఫోన్‌లో ఆపరేటర్ గొంతు. "అక్కా, అన్ని తుడిసిన. పెట్టిన. మళ్ల గట్లనే ఉన్నది. బొమ్మ సగం పోతది, ఆగుతది, మొదటికొస్తది."

"నీ దిక్కు వైర్ల వెలుగు సిగ్నల్ ఎట్లున్నది?"

"మీటర్ పెట్టి చూసిన. ఫస్ట్ క్లాస్ ఉన్నది. మా వైరు కాదక్కా."

ఆయన దిగి లోపలికి పరుగెత్తాడు. తర్వాత విన్నది నాకు ఇంకా చెవుల్లో ఉంది. "మేడమ్, ఇచ్చెయ్యున్రి. ఏమైన నాది పూచీ. సంతకం పెడ్త." ఆడ డాక్టర్ గొంతు, చిన్న వయసు: "పూచీ మీరు తీసుకుంటే పేషెంట్ బతకడు కదండీ. బొమ్మలు చూడందే ఇవ్వను." పక్కనే ఆయన వదిన, పేషెంట్ భార్య: "టైము పోతుందంటున్రు, సూది ఇయ్యనంటున్రు, మరి ఏం జెయ్యాలమ్మా మేము?" ఆపరేటర్ ఫోన్ డాక్టర్ చేతికిచ్చినట్టున్నాడు. "గీమె కంపెనీ మేడమ్, గీమెతోని మాట్లాడున్రి."

"మీరు డాక్టరా?" అందామె.

"కాదండీ."

"అయితే మీరేం చెప్పినా నేను ఇంజెక్షన్ ఇవ్వను. మీరు చేయగలిగింది బొమ్మలు పంపించడమే. అది చేయండి."

ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

అప్పుడు తట్టింది. ఎల్‌బీ నగర్ కేంద్రం నుంచి తుర్కయంజాల్ ఆపరేటర్‌కు మా లైన్లు రెండున్నాయి, పక్కపక్కనే. ఏ చిరునామాకు వెళ్లేది ఏ లైన్ మీద పోవాలో పెట్టె తనే లెక్క కట్టి పంచుతుంది. 254 ఒక లైన్ మీద, 255 రెండో లైన్ మీద వెళ్తుండవచ్చు. పక్కింటి దారి బాగుందని ఈ ఇంటి దారి బాగున్నట్టు కాదు. ఆ రెండో లైన్ మీద ఏం జరుగుతోందో తెలియాలంటే సరిగ్గా ఆ నంబరుతోనే అడగాలి. ఆ నంబరునే మేం అడగనివ్వం.

లీడర్‌కు మళ్లీ ఫోన్ చేసి, ఆపరేటర్‌నూ అదే కాల్‌లో కలిపాను. మెట్రోలో జనం రొద, తలుపుల బీప్. నేను రెండు లైన్ల సంగతి చెప్పాను.

"అయ్యుండొచ్చమ్మా," అన్నారాయన. "కాని రూల్‌కి మినహాయింపు పెడితే రేపు ఇంకొకరికి పెట్టాలి. హాస్పిటల్ నంబరు మార్చమనండి. తప్పు నంబరు పెట్టుకుని దారి అడిగితే ఎలా కుదురుద్ది?"

"మారిస్తే అవతల డాక్టర్ మిషన్ల కూడ మార్చాలె సార్. వాళ్లు రాతపూర్వకంగ అడుగుతరు. గంటలు పడతది."

"నేను చెప్పేది వినండి. అలాంటి అడ్రస్ అసలు ఉండదండీ."

ఆపరేటర్ చాలా నెమ్మదిగా అన్నాడు:

"ఉండదంటరేంది సార్. గా అడ్రస్ల మా అన్న పండుకోని ఉన్నడు."

రైల్లో ప్రకటన వినిపించింది, తర్వాతి స్టేషన్ చైతన్యపురి.

"సార్," అన్నాను, "రూల్ తీసెయ్యమంటలేను. అంకె చూసి కొట్టెయ్యకుండ, ఆ నంబరు మనం ఎవరికన్న ఇచ్చినమా లేదా అని మన కస్టమర్ల పట్టికను అడిగేటట్టు రాయండి. ఇచ్చి ఉంటె పోనియ్యాలె. ఇయ్యకపోతె ఆపాలె. బయటోడు ఎట్లన్న దూరడు."

లీడర్ "దిగుతున్నా" అన్నారు.

చైతన్యపురి ప్లాట్‌ఫారం మీద బెంచీపై కూర్చుని లాప్‌టాప్ తెరిచారని తర్వాత చెప్పారు. ఆయన రాస్తున్నంతసేపూ ఫోన్ పెట్టెయ్యలేదు. గొణుక్కుంటున్నారు. "ఇది కూడా చూడాలి... పట్టిక జవాబివ్వకపోతే ఆపెయ్యాలి... అంతే." ఆయన మార్పు నా తెర మీదకు వచ్చింది. మా దగ్గర ఎవరు రాసినా ఇంకొకరు చదివి ఒప్పుకోవాలి. తొందరలో ఒప్పేసుకోవడం తేలికే. పైనుంచి కింది దాకా చదివాను. ఒక చోట, సున్నాతో ముగిసే వాటికి పాత నిషేధమే ఉండిపోయింది.

"సార్, సున్నాలు మిగిలినయ్."

"ఇప్పుడవసరమా అమ్మా?"

"రేపు ఇంకెవరి ఇల్లో ఉంటది సార్."

ఒక నిట్టూర్పు. అదీ మార్చారు. ఒప్పుకున్నాను.

255 రాసి బటన్ నొక్కాను. ఈసారి ఎర్ర గీత రాలేదు. సందేశాలు బయలుదేరాయి. మొదటి పెట్టె, రెండో పెట్టె, ఎల్‌బీ నగర్ కేంద్రం. అక్కడి నుంచి రెండో లైన్ మీదకు ఎక్కాయి, ఎక్కినవాటిలో ఎక్కువ రాలిపోయాయి. లైన్ తెగిపోలేదు. తెగి ఉంటే అలారం మోగి ఎవరో ఒకరు చూసేవాళ్లు. అది బతికే ఉంది గాని నీరసించింది. ఆస్పత్రి నుంచి బొమ్మలు వెళ్తున్నాయి, అందాయి అని తిరిగొచ్చే జవాబులు ఆ లైన్ మీద రాలిపోతున్నాయి. జవాబు రాక బొమ్మలు మళ్లీ మొదటికి వస్తున్నాయి. ఆ పొద్దంతా ఆ కాలనీల్లో ఎందరికో నెట్ మెల్లగా ఉండి ఉంటుంది. మెల్లగా ఉందని పొద్దున్నే ఎవరు ఫోన్ చేస్తారు?

రెండో లైన్ పక్కన పెట్టి అంతా మొదటి దాని మీదకు మళ్లించమని లీడర్‌ను అడిగాను. ఆ తాళం ఆయన దగ్గరే ఉంది. మళ్లించారు.

"అన్నా, ఇప్పుడు చూడు."

"పోతుందక్కా." కాసేపటికి, "సగం దాటింది." ఇంకాసేపటికి మాట రాలేదు, ఫోన్ ఎక్కడో పెట్టేశాడు. దూరంగా డాక్టర్ గొంతు, కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో నర్సును పిలవడం. నేను ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను. కింద కోచింగ్ సెంటర్‌లో మైకు పెట్టి లెక్కలు చెబుతున్నారు.

ఆయన తిరిగొచ్చాడు. "రక్తమేనట అక్కా."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"లోపల చిట్లిందట. ఇప్పుడే పెద్ద దవాఖానకు పంపుతున్నరు, ఆపరేషన్‌కు. డాక్టరు ఆడ రెడీగ ఉంటడట. గా సూది గిట్ల ఇచ్చి ఉంటే..." అని, ముగించకుండానే ఫోన్ పెట్టేశాడు.

లీడర్ ఆఫీసుకు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. బ్యాగు భుజం మీదే ఉంది. "రక్తమా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన కాసేపు తన అరచేతులు చూసుకున్నారు. "ఆ డాక్టరమ్మ కూడా వద్దనే అంది కదా," అన్నారు, నాతో కాదు.

ఆ మాట నేను చాలా రోజులు మోశాను. ఒకే పొద్దున రెండు తలుపులు వద్దన్నాయి. ఆమె వద్దన్నందుకు మనిషి బతికాడు. మేం వద్దన్నందుకు చనిపోయేవాడే. ఇద్దరిదీ గట్టితనమే. ఆమె మంచం మీది మనిషిని చూసి, తనకు ఇంకా ఏం తెలియాలో చెప్పి ఆగింది. మేం ఎవరినీ చూడలేదు. ఆ వారం సంఘంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడ్డాను గాని, ఇదంతా చెప్పడం చేతకాలేదు. ఒక కుటుంబం కోసం ప్రార్థించమని అడిగి కూర్చున్నాను. మా పెద్దలు పేరు అడిగారు. తెలియదన్నాను. పేరు లేకుండానే ప్రార్థించారు.

ఆపరేటర్ అన్న ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక, ఒక ఆదివారం ఆరాధన అయ్యి తుర్కయంజాల్ వెళ్లాను. వరండాలో మంచం వేశారు. గుండు మీద కుట్ల గీత, కుడి చెయ్యి ఒడిలో. భార్య నీళ్లిచ్చి, "గీమెనే, నీ బొమ్మలు పంపించినామె" అంది ఆయనతో. ఆయన నన్ను చూశాడు. పోల్చుకోవడానికి ఏమీ లేదు కదా, ఊరికే చూశాడు.

"వదినా, మీకు అభ్యంతరం లేకపోతె ఒక ప్రార్థన చేస్త" అన్నాను.

"చెయ్యమ్మా. నేను ఎల్లమ్మకు మొక్కిన, మా మరిది అయ్యప్పకు మొక్కిండు. నువ్వొక్కదానివి మొక్కితె ఎక్కువైతదా?"

తల మీద కొంగు కప్పుకుని చిన్న ప్రార్థన చేశాను. ఆయనకు బలం ఇమ్మని, మాట ఇమ్మని. కళ్లు తెరిచేసరికి ఆయన పెదవులు కదులుతున్నాయి. భార్య వంగింది. ఆపరేటర్ లోపలి నుంచి వచ్చాడు. ఒక్కో మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ, ఎడమ చేత్తో తమ్ముడిని చూపిస్తూ నాతో అన్నాడాయన:

"వీడు... మా ఇంటికి... ఇచ్చిన నెట్... మస్తు స్లో."

"ఏందన్నా, గీ మాటకోసమా మేము గింత పరేషాన్ అయ్యింది" అన్నాడు ఆపరేటర్. మూతి ఒక పక్కే నవ్వింది ఆయనది. ఆ పక్క చాలు అందరికీ.